ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి వీ8 సామాన్లు పడతాయా?

ప్రశ్న: రెండేళ్ల కిందట 1966 ఫోర్డు మస్టాంగ్ కారు కొన్నాను. ఆరు సిలిండర్ల ఇంజన్, మాన్యువల్ స్టీరింగ్. స్టీరింగ్ లూజుగా ఉందని పాత సామాన్ల సంతకి వెళ్తే, అక్కడొకతను "ఇవి 1966 మస్టాంగ్‌వే, కళ్లు మూసుకుని బిగించుకోండి" అన్నాడు, నమ్మి రెండు టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీని చక్రం వైపు కలిపే కీలు ముక్కలు) కొన్నాను. తీరా చూస్తే వాటి పిన్ను, చక్రాన్ని మోసే స్పిండిల్ రంధ్రంలోకి పూర్తిగా దిగడం లేదు, నట్టు పట్టడం లేదు. రంధ్రాన్ని డ్రిల్లుతో కాస్త పెద్దది చేస్తే సరిపోతుందని స్నేహితుడు అంటున్నాడు. చెయ్యమంటారా? అసలు ఆ కాలం ఫోర్డు కార్లలో దేని సామాను దేనికి పడుతుందో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: వద్దండీ, డ్రిల్లు అసలు ముట్టుకోవద్దు. ఆ రంధ్రం తిన్నటి గొట్టంలా ఉండదు, ఒకవైపు వెడల్పుగా మొదలై రెండోవైపుకి సన్నబడుతుంది, పిన్ను కూడా అదే వాలుతో ఉంటుంది కాబట్టే నట్టు బిగించేకొద్దీ రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టేసుకుంటాయి. డ్రిల్లు వేస్తే ఆ వాలు పోతుంది. పిన్ను లోపల ఆడుతూ ఆడుతూ ఏదో ఒకరోజు విరుగుతుంది, అప్పుడు మీరు స్టీరింగ్ ఎటు తిప్పినా ఆ చక్రం వినదు.

మీ చేతిలో ఉన్నవి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల కారువి అయ్యుంటాయి. సంవత్సరం అదే, కారు పేరూ అదే, కానీ వీ8 ఇంజన్ బరువు ఎక్కువ కాబట్టి ఆ కార్లకి ఫోర్డు పెద్ద స్పిండిళ్లు, పెద్ద టై రాడ్ ఎండ్లు వేసింది. గుర్తు పట్టడం తేలికే, ఆరు సిలిండర్ల కారు చక్రానికి 4 నట్లు, వీ8కి 5. ఫ్యాక్టరీ బండి మీద కొట్టిన నంబర్లో (నంబర్ ప్లేటు కాదు, VIN) ఐదో గుర్తు 'టీ' అయితే ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లతో వచ్చినట్టు, 'సీ', 'ఏ', 'కే' అయితే 289 (ఘనపు అంగుళాల) వీ8. అయినా ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో తెలియదు కదా, నాకైతే నట్లు లెక్కపెట్టడం మీదే నమ్మకం. పవర్ స్టీరింగ్ ఉంటే సెంటర్ లింకు (రెండు వైపుల టై రాడ్లనీ కలిపే కడ్డీ) కూడా వేరే, ఇక 1967లో ముందు భాగం కొలతలే మారాయి.

మస్టాంగ్‌ని ఫోర్డు వాళ్ల ఫాల్కన్ కారు పునాది మీద కట్టారు కాబట్టి అప్పటి ఫాల్కన్, మెర్క్యురీ కామెట్ సామాన్లు కొన్ని మీకు పనికొస్తాయి, మస్టాంగ్ పేరు లేకపోతే ధర కూడా తగ్గొచ్చు. కానీ ఒక్కో భాగాన్నీ విడిగా చూసుకోవాలి. క్యాటలాగులో రెండు కార్లకీ ఒకే నంబరు ఉంటేనే కొనండి. పాత కార్ల యార్డుల వాళ్లు వాడే హాలండర్ ఇంటర్‌చేంజ్ పుస్తకాలు సరిగ్గా ఇందుకోసమే ఉన్నాయి. ఒక చిక్కుంది, భాగం మీద అచ్చుపోసిన ఫోర్డు నంబరూ, కౌంటర్లో అమ్మే నంబరూ చాలాసార్లు ఒకటి కావు, అందుకని భాగం మీది నంబరు క్యాటలాగు నంబరుతో కలవలేదని మంచి సామాను వదిలెయ్యకండి.

డిస్క్ బ్రేకుల కోసం 1970ల నాటి ఫోర్డు గ్రనాడా స్పిండిళ్లు వేసుకోమని కూడా ఎవరైనా చెప్తారు. బిగుస్తాయి, నిజమే, కానీ టై రాడ్ కోణం మారిపోయి గుంతలో పడినప్పుడల్లా బండి దానంతటదే పక్కకి లాగే అవకాశం ఉంది. నేనైతే వెయ్యను.

మీకు కావలసింది ఆరు సిలిండర్ల మాన్యువల్ కారుకి సరిపోయే కొత్త టై రాడ్ ఎండ్లు, అంతే. ఇంజన్ వీ8కి మార్చే ఆలోచన ఉంటే మాత్రం స్పిండిళ్లు, టై రాడ్లు, బ్రేకులు ఒకే కారు నుంచి సెట్టుగా తెచ్చుకోండి. స్పిండిల్‌ని పైనుంచి పట్టుకునే పై ఆర్మ్ విప్పాల్సి వస్తే జాగ్రత్త, ఈ కారులో స్ప్రింగు దాని మీదే కూర్చుని ఉంటుంది, స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా విప్పితే ప్రాణం మీదకొస్తుంది. అంతా బిగించాక ప్రతి నట్టుకీ అది ఊడకుండా ఆపే కొత్త కాటర్ పిన్ను పెట్టండి, నెమ్మదిగా నడుపుకుంటూ నేరుగా చక్రాల అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లండి.