కార్గో పైలట్ అయితే టెన్షన్ ఉండదా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పైలట్ అవుతానంటున్నాడు, అదీ కార్గో విమానాలే నడుపుతానంటాడు. ప్రయాణికులు ఉండరు కాబట్టి టెన్షన్ ఉండదని వాడి మాట. దానికి వేరే కోర్సు ఉందా? ఆ ఉద్యోగం నిజంగా తేలికేనా? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అమ్మా, కార్గోకు వేరే కోర్సంటూ ఏదీ లేదు. ఉద్యోగంగా ఏ విమానం నడపాలన్నా కావాల్సింది డీజీసీఏ (మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్సే. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, రాత పరీక్షలు పాసవ్వాలి, 200 గంటలు విమానం నడపాలి. ఆ తర్వాత నడపబోయే విమానం రకానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపేందుకు విడిగా శిక్షణ తీసుకుని పొందే అర్హత, చెయ్యాలి. అదీ వేరు కాదు. బోయింగ్ 737 రేటింగ్ ఉన్నవాళ్లు అందులో మనుషుల్ని తీసుకెళ్లొచ్చు, పార్సిళ్లనూ తీసుకెళ్లొచ్చు. కాబట్టి కార్గోనా, ప్యాసింజరా అన్నది ఇప్పుడే తేల్చుకోవాల్సిన పని లేదు.

ఇక టెన్షన్ సంగతి. మీ అబ్బాయి మాటలో కొంత నిజం ఉంది. ప్రయాణికుడికి గుండెనొప్పి వచ్చిందని మధ్యదారిలో ఇంకో ఎయిర్‌పోర్టులో దిగాల్సిన పరిస్థితి కార్గోలో రాదు. ఆలస్యమైతే మైకులో సర్దిచెప్పుకోనక్కర్లేదు. కానీ లోపల ఉన్న సరుకుకు పూచీ కెప్టెన్‌దే. బరువు ఎక్కడ ఎంత ఉంది, కట్లు గట్టిగా ఉన్నాయా, ప్రమాదకరమైన సరుకు ఏదైనా ఎక్కిందా అన్నవన్నీ కాగితాల్లో చూసుకుని సంతకం పెట్టాకే విమానం కదులుతుంది. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో అమెరికా పార్సిల్ సంస్థ యూపీఎస్ కార్గో విమానం గాల్లో ఉండగా మంటలంటుకుని కూలిపోయింది. అందులో లిథియం బ్యాటరీల సరుకు ఉంది. పైలట్లిద్దరూ చనిపోయారు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. మనుషులు లేని విమానం అంటే బాధ్యత లేని విమానం కాదని అబ్బాయికి తెలియాలి.

అన్నిటికంటే ముఖ్యం నిద్ర. మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది దీని గురించే. సాయంత్రం దాకా బుక్ చేసిన పార్సిల్ తెల్లారేసరికి ఇంకో నగరంలో ఉండాలి. బ్లూ డార్ట్ లాంటి సంస్థల విమానాలు ఎక్కువగా రాత్రిపూట తిరిగేది అందుకే. ప్యాసింజర్ పైలట్లకూ రాత్రి డ్యూటీలు ఉంటాయి, ఒకే రోజు మూడు నాలుగుసార్లు ఎక్కి దిగే డ్యూటీలూ ఉంటాయి. కానీ ఈ పార్సిల్ సర్వీసుల్లో రాత్రి డ్యూటీయే అసలు పని. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా శరీరం గట్టిగా నిద్ర కోరుకుంటుంది. సరిగ్గా ఆ వేళలోనే రన్‌వే మీద దిగాలి.

2013 ఆగస్టు 14న అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో మరో యూపీఎస్ విమానం తెల్లవారకముందే దిగబోతూ కూలిపోయింది. అక్కడా పైలట్లిద్దరూ పోయారు. కారణాల్లో అలసట కూడా ఉందని దర్యాప్తులో తేలింది. అప్పటికే అమెరికా ప్రభుత్వం పైలట్ల విశ్రాంతికి కొత్త నిబంధనలు ప్రకటించింది. కానీ వాటిని ప్యాసింజర్ విమానాలకే తప్పనిసరి చేసి, కార్గోను వదిలేసింది. ఆ తేడా గురించే ఆ ఇద్దరూ బయలుదేరే ముందు కాక్‌పిట్‌లో మాట్లాడుకున్నారు. నిద్ర వచ్చేది మనిషికి. వెనకాల ఎక్కింది మనుషులా, పెట్టెలా అన్నదాన్ని బట్టి విశ్రాంతి ఎలా మారుతుంది? ఆ నిబంధన నాకు ఇప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. పగలు పడుకున్నవాణ్ని బద్ధకస్తుడంటాం. కాలింగ్ బెల్, చుట్టాలు, వీధిలో మైకులు సరేసరి. రాత్రి డ్యూటీ చేసే మనిషికి పగటి నిద్ర కూడా ఉద్యోగంలో భాగమే. దాన్ని ఇంట్లోవాళ్లు కాపాడాలి.

ఉద్యోగాల విషయానికొస్తే, మన దేశంలో కార్గో సీట్లు తక్కువ. ఇండిగోకు 400కు పైగా విమానాలుంటే, వాటిలో పూర్తిగా సరుకుల కోసమే ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2023 జనవరిలో అమెజాన్ తన కార్గో విమానాలను హైదరాబాద్‌లోనే ప్రారంభించింది, వాటిని నడిపే పనిని క్విక్‌జెట్ అనే కార్గో విమాన సంస్థకు అప్పగించింది. ఇలాంటి అవకాశాలు మెల్లగా పెరుగుతున్నాయి గానీ, కార్గో ఒక్కదాన్నే నమ్ముకుని అప్పు చేయొద్దు. అలాగని దాన్ని చిన్నచూపూ చూడొద్దు. 2020లో కోవిడ్ వచ్చి ప్యాసింజర్ పైలట్లు ఎందరో జీతం లేని సెలవుల్లో ఉన్నప్పుడు, కార్గో విమానాలు మందులు, మాస్కులు మోస్తూ తిరుగుతూనే ఉన్నాయి.

అబ్బాయి మనసులో అమెరికా ఉంటే ఒక మాట. అక్కడ ట్రైనింగ్ తీసుకున్నంత మాత్రాన ఫెడెక్స్‌లోనో యూపీఎస్‌లోనో ఉద్యోగం రాదు. అక్కడ పనిచేసే హక్కు విడిగా ఉండాలి. తిరిగొస్తే ఆ లైసెన్సును డీజీసీఏ దగ్గర మార్పించుకోవాలి.

ట్రైనింగ్, టైప్ రేటింగ్ కలిపితే ఖర్చు అరకోటి దాటుతుంది. అందుకే ఏ అకాడమీకీ అడ్వాన్స్ కట్టకముందే డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్షలు, ముందు క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్, చేయించండి. కళ్లజోడు ఉన్నంత మాత్రాన అవకాశం పోదు, రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం కష్టం. ఆ రిపోర్టు చేతికొచ్చాక ఫీజుల గురించి మాట్లాడదాం.