సైక్లోక్రాస్‌కి ఏ హ్యాండిల్‌బార్ తీసుకోవాలి? బైక్ ఎలా సెట్ చేసుకోవాలి?

చదువుకి బెల్జియం వెళ్తున్నారు, అక్కడ సైక్లోక్రాస్ రేసులు (బురద, ఇసుక, గడ్డి మీద తొక్కుతూ, అడ్డంకుల దగ్గర దిగి బైక్ మోసుకుని పరిగెత్తే రేసులు) తొక్కాలని ఉంది, ఈలోగా వైజాగ్‌లోనే బైక్ రెడీ చేసుకుని ప్రాక్టీసు చేస్తారు, దానికి కింద బాగా విచ్చుకునే గ్రావెల్ బార్ (మట్టిరోడ్ల బైక్‌లకి పెట్టేది) కొనాలా, మామూలు డ్రాప్ బార్ (రేసు సైకిళ్లకుండే, కిందికి వంపు తిరిగిన హ్యాండిల్) చాలా అని కదా అడిగారు. మామూలుది చాలండి. అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో నా ఆదివారాలన్నీ ఈ రేసులకే పోయేవి, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉంటున్నా, కాబట్టి రెండు చోట్ల సంగతీ తెలిసే చెప్తున్నా.

భుజాల వెడల్పు కొలిచి అదే సైజు తీసుకోండి, మహా అయితే ఒక సైజు ఎక్కువ, అంటే 42 సెం.మీ. వాడేవాళ్లు 44. డ్రాప్ లోతు (పై నుంచి కింది వంపు దాకా) 125 మి.మీ. అటూ ఇటూ, రీచ్ (బార్ ముందుకి చాచుకునే దూరం) 70-80 మి.మీ. ఉండే కాంపాక్ట్ రకం చూడండి, ఎందుకంటే లోతు ఎక్కువైతే గతుకుల దిగుడులో డ్రాప్స్, అంటే ఆ కింది వంపులు, పట్టుకోవడానికి ఒళ్లు వంగదు, చేతులు పైనే ఉండిపోతాయి. కార్బన్ జోలికి పోకండి. ఈ ఆటలో పడటం మామూలే, పడ్డాక లోపల చీలిందో లేదో అన్న టెన్షన్ ఎందుకు, అల్యూమినియం శుభ్రంగా సరిపోతుంది. ఫ్లాట్ బార్ (వంపు లేని తిన్నని హ్యాండిల్) మాత్రం యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) రేసుల్లో ఒప్పుకోరు.

బార్ కంటే నేను పట్టించుకోమనేది బ్రేకులు. మన దగ్గర ఎక్కువగా ముందు బ్రేకు కుడి చేతికి ఉంటుంది, అక్కడ కొనే బైక్‌కి ఎడమ చేతికి వస్తుంది. రేసులో 40 సెం.మీ. ఎత్తు పలకలు అడ్డం పెడతారు, వాటి ముందు కుడికాలు వెనక నుంచి తిప్పి ఎడమ పక్కకి దిగాలి, అప్పటికే కుడి చెయ్యి టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) మీదకి వచ్చేసి ఉంటుంది, బ్రేకు లివర్ మీద మిగిలేది ఎడమ చెయ్యి ఒక్కటే. అది గనక ముందు బ్రేకైతే కాస్త గట్టిగా నొక్కగానే వెనక చక్రం లేస్తుంది, మీరేమో ఒంటికాలి మీద ఉంటారు. అందుకే మన పద్ధతే మేలు. హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసే) బ్రేకులైతే మార్చాక బ్లీడింగ్ (లోపలి గాలి తీసెయ్యడం) చెయ్యాలి కాబట్టి బార్ టేపు చుట్టకముందే మెకానిక్‌కి చెప్పండి.

రోడ్ బైక్ మీద కంటే బార్ ఒక సెంటీమీటరు ఎత్తులో పెట్టుకోండి, సీటు కొద్దిగా దించండి. బైక్ భుజాన వేసుకుని పరిగెత్తాలి కాబట్టి బాటిల్ కేజ్‌లు పీకేయండి. టైరు యూసీఐ లెక్కలో 33 మి.మీ. దాటకూడదు. ట్యూబ్‌లెస్‌లో 70 కిలోల మనిషైతే 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రిమ్ నేలకి తగలనంత వరకు తగ్గించుకుంటూ పోవచ్చు.

ఇసుక ప్రాక్టీసుకి మనకేం తక్కువ! 2012 ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన బెల్జియంలోని కోక్సైడె కోర్సు కూడా సముద్రం పక్క ఇసుక దిబ్బలే. రుషికొండ దాటాక జనం లేని చోట పొద్దున్నే పొడి ఇసుకలోకి దిగండి, బరువు వెనక్కి వేసి, బార్ వదులుగా పట్టుకుని, అది అటూ ఇటూ ఊగినా సరిచెయ్యకుండా తొక్కుతూనే ఉండాలి. బిగించి పట్టారా, ముందు చక్రం అక్కడే కూరుకుపోతుంది. ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం వెళ్లకండి, అది కాపాడుకోవాల్సిన చోటు.

ఉప్పుగాలి సంగతి ఎవరూ చెప్పరు గానీ, ఒక స్నేహితుడి బైక్ బార్ టేపు విప్పితే లోపల అల్యూమినియం మీద తెల్లటి పొడి, గోరుతో గీకితే కింద గుంటలు. మన చెమట, బీచ్ గాలి కలిసి చేసే పని అది. తొక్కి రాగానే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, స్టెమ్ (బార్‌ని పట్టి ఉంచే భాగం) బోల్టులకి గ్రీజు రాయండి, వెళ్లే ముందు పాత టేపు తీసేసి బార్ ఒకసారి తుడిచి చూసుకుని అప్పుడు కొత్తది చుట్టించండి.