మీరడిగారు: ‘పంపిస్తాం’ అంటే ఎప్పుడు?

ఈసారి సంచిలో వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే తాను ముక్కల్లా ఉన్నాయి. అందుకని మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. వంటింటి ప్రశ్నలు పంపినవాళ్లు ఒక వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్ గారూ, ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు అమ్మేచోట ఆర్డర్లు చూస్తాను. ఏలూరు పార్టీ ఫోన్ చేసి ‘శుక్రవారం సరుకు పంపిస్తారా?’ అన్నాడు. ‘పంపిస్తామండీ’ అన్నాను. మా బండి ప్రతి శుక్రవారం అటు వెళ్తుందని నా ఉద్దేశం. ఆయనేమో తన క్లచ్ ప్లేట్లు ఈ శుక్రవారమే వస్తాయనుకుని, లారీ విప్పించి మెకానిక్‌ని కూర్చోబెట్టుకున్నాడు. మా ఓనరు అందరి ముందూ నన్ను తిట్టారు. నేను అబద్ధం చెప్పలేదు కదా? – ఒక ఉద్యోగి, విజయవాడ

జవాబు: చెప్పలేదు. అయినా తిట్లు తప్పేవి కావు నాయనా.

‘మా అమ్మ రోజూ నాలుగింటికే లేస్తుంది’ అంటే అలవాటు. ‘రేపు నాలుగింటికే లేస్తుంది’ అంటే జరగబోయేది. క్రియ మాత్రం అదే. అలవాటును చెప్పే రూపాన్ని వ్యాకరణంలో తద్ధర్మం అంటారు. తెలుగులో అదీ, భవిష్యత్తూ ఒకే చొక్కా తొడుక్కుని తిరిగే కవలలు. పక్కన ‘రోజూ’ అనో ‘రేపు’ అనో ఉంటేనే ఎవరు ఎవరో తెలిసేది. మీ ఫోన్లో ‘శుక్రవారం’ ఉందిగా అంటారేమో. అది ఈ శుక్రవారమో, ప్రతి శుక్రవారమో ఎవరు చెప్పారు?

పొట్టిగా మాట్లాడితే తప్పని నేననను. గుంటూరు మిర్చి యార్డులో ‘పదిహేనున్నర’ అంటే క్వింటాలు 15,500 అని పసిపిల్లాడికీ తెలుసు. అమ్మేవాడు, కొనేవాడు, కాటా వేసేవాడు అందరూ ఆ కాయ ముందే నిలబడి ఉంటారు కాబట్టి అక్కడ అంతే చాలు. మా నాన్నకు కమిషన్ కొట్టు ఉండేది. కొట్లో ముక్తసరిగా మాట్లాడే మనిషి, పైఊరి పార్టీకి ట్రంకాల్ చేస్తే వేరే మనిషైపోయేవాడు. ‘సన్నాలు, పది టిక్కీలు, తాలు వేరు, సోమవారం లారీకి... ఏం రాసుకున్నారో ఒకసారి చదవండి’ అనేవాడు (టిక్కీ అంటే మిర్చి బస్తా, తాలు అంటే రంగు పోయిన కాయ). అవతలివాడు తిరిగి అప్పజెప్పేదాకా రిసీవర్ పెట్టేవాడు కాదు. కాల్ డబ్బులు పెరిగిపోతున్నాయని మా అమ్మ గుమ్మంలోంచి సైగలు చేస్తూ ఉండేది.

విమానాలు నడిపేవాళ్లూ ఇలాగే అప్పజెప్పుకుంటారు. ఎంత అప్పజెప్పుకున్నా మాటే రెండు రకాలుగా ఉంటే ఏమవుతుందో 1977 మార్చి 27న తెలిసొచ్చింది. స్పెయిన్ వాళ్ల టెనెరిఫ్ దీవిలో, పొగమంచులో, ఒక డచ్ విమానం నుంచి ‘మేమిప్పుడు టేకాఫ్ దగ్గర’ అన్నట్టు ఒక మాట విమానాశ్రయం టవర్‌కు వినిపించింది. ఎగరడానికి సిద్ధంగా ఆగి ఉన్నారనుకుని టవర్‌లో మనిషి ‘ఓకే’ అన్నాడు. ఆ విమానం అప్పటికే పరుగు అందుకుంది. అదే రన్‌వే మీద ఇంకో జంబో విమానం ఉంది. రెండూ ఢీకొని మొత్తం 583 మంది పోయారు. ఆ తర్వాత, ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో ‘టేకాఫ్’ అనే మాట ఎత్తకూడదని కట్టడి చేశారు. మిగతా వేళల్లో ‘డిపార్చర్’ అనాలి. మన ‘బయల్దేరుతున్నాం’ కూడా ఆ బాపతే. పెళ్లికి వచ్చేవాళ్లు ఫోన్లో ఆ మాట అన్నారంటే ఇంట్లో ఇంకా ఇద్దరి స్నానాలు కాలేదని బెజవాడలో అందరికీ తెలుసు. విమానాశ్రయంలో అది చెల్లదు, ఆటోనగర్‌లోనూ చెల్లదు.

ఇకమీదట ‘మీ క్లచ్ ప్లేట్లు ఈ శుక్రవారం, 14న, బండిలో వేస్తున్నాం’ అనండి. లేదా ‘మా బండి ప్రతి శుక్రవారం వస్తుంది, ఈ వారం మీ సరుకు అందులో ఉందో లేదో గంటలో కనుక్కుని చెప్తాను’ అనండి. మీ ఓనరు సంగతంటారా, ఆయన కూడా మీతో రోజుకు పదిసార్లు ‘అది కాస్త చూడు’ అంటూ ఉంటారని నా పందెం.

ప్రశ్న: మేడమ్, పది దాకా తెలుగు మీడియం చదివాను. ఇప్పుడు ఇంటర్ ఇంగ్లిష్ మీడియం. ఫిజిక్స్ లెక్క చేయడం వచ్చు, ప్రశ్నే అర్ధం కాదు. ‘నీకు భాష రాదు’ అంటారు మా సారు. నాకు ఏ భాష రానట్టు? – ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ముందు ఒక చుక్క బాకీ తీర్చు తల్లీ. ‘అర్ధం’ అంటే సగం. నడుమ చుక్క పెడితేనే ‘అర్థం’. నీకు సగమే తెలియడం లేదని రాశావు. అదీ నిజమేనేమో!

నీకు రానిది ఇంగ్లిషు కాదు, ఫిజిక్స్ భాష. అది తెలుగులో చదివినా కొత్తదే. పాఠ్యపుస్తకంలో స్పీడు ‘వడి’, వెలాసిటీ ‘వేగం’. ఇంట్లోనేమో ‘ఎంత వేగంగా పోతున్నాడో చూడు’ అంటే స్పీడే. ఇక ‘పని’. వీపున టిక్కీతో చదునైన నేల మీద ఒకే వడితో నడిచే హమాలీ, గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసిన పని సున్నా అని నేను బోర్డు మీద రాస్తే, యార్డు వైపు నుంచి వచ్చే పిల్లలు నన్ను అదోలా చూసేవాళ్లు. వాళ్ల నాన్న సాయంత్రానికి ఒళ్లు హూనమై వస్తాడాయె. ‘కిరణజన్య సంయోగక్రియ’ లాంటి రైలుబండి మాట వస్తే పిల్లలు ఆగి అడుగుతారు. ‘పని’ దగ్గర ఎవరూ ఆగరు, తెలిసిన మాటే కదా అని.

నా తప్పొకటి చెప్తాను. స్టెన్సిల్ కోసి పేపర్లు తీసే రోజులు. యూనిట్ టెస్టులో ఇలా ఇచ్చాను: ‘గంటకు 18 కి.మీ. వడితో పోతున్న బస్సు 5 సెకన్లలో తన వడిని గంటకు 36 కి.మీ. పెంచింది. త్వరణమెంత?’ త్వరణమంటే ఒక్కో సెకనుకు వడి ఎంత పెరిగిందన్నది. నా లెక్కలో జవాబు 1. సగం మంది 1 రాశారు, తక్కినవాళ్లు 2. 2 రాసినవాళ్లందరికీ ఇంటూ కొట్టాను. మర్నాడు ముందు బెంచీ అమ్మాయి స్టాఫ్ రూముకొచ్చి పేపరు బల్ల మీద పరిచి, 36 పక్కన గోరు పెట్టి, ‘మేడమ్, ఇక్కడ కు లేదు’ అంది.

నిజమే, లేదు. 36 కి.మీ.కు పెంచితే పెరిగింది సెకనుకు 5 మీటర్లు, త్వరణం 1. 36 కి.మీ. పెంచితే పెరిగింది 10 మీటర్లు, త్వరణం 2. స్టెన్సిల్ నేను మూడుసార్లు చూసుకున్నాను. మూడుసార్లూ ఆ ‘కు’ నాకు కనబడింది, ఎందుకంటే అది కాగితం మీద కాదు, నా బుర్రలో ఉంది. 1 రాసినవాళ్లు నా పాఠాలకు అలవాటుపడి ‘కు’ వాళ్లే వేసుకున్నారు. 2 రాసినవాళ్లు నేను రాసింది రాసినట్టు చదివారు. మార్కులు తిరిగి వేశాను గానీ, ఆ గోరు ఇప్పటికీ గుర్తుంది.

ఇంగ్లిషు ప్రశ్నలోనూ ఇదే తంటా. ‘బై 36’ అంటే ఎంత పెరిగింది, ‘టు 36’ అంటే ఎంతకు పెరిగింది. లెక్క మొదలుపెట్టేముందు, అడిగిందేమిటో మార్జిన్లో పెన్సిల్‌తో నీ తెలుగులో ఒక్క ముక్క రాసుకో. సారు దగ్గరకెళ్లి ‘అర్థం కాలేదండీ’ అనకు, ఆయన ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి పాపం? ‘ఇంతకు పెరిగిందనా సార్, ఇంత పెరిగిందనా?’ అని ఆ మాట మీద వేలు పెట్టి అడుగు.

ప్రశ్న: ఇంటర్వ్యూ కోసం విజయవాడ నుంచి హైదరాబాద్‌కు టికెట్ తీశాను. 15వ తేదీ, 00:25. 15న రాత్రి స్టేషన్‌కు వెళ్తే బండి నిన్న రాత్రే పోయిందన్నారు. టికెట్ మీద స్పష్టంగా ఉండొద్దా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అంతకంటే స్పష్టంగా ఎలా వేస్తారండీ? పంచాంగంలో మనకు వారం సూర్యోదయంతో మారుతుంది. తెల్లారేదాకా మన నోట్లో నిన్నటి రోజే నడుస్తుంది. రైలుకు అర్ధరాత్రే మారిపోతుంది. (ఇక్కడ చుక్క లేని అర్ధమే సరైనది, గుంటూరు అమ్మాయి గమనించాలి.) 15 అని ఉంటే 14న రాత్రి భోజనం చేసి తెనాలిలో విజయవాడ బండెక్కాలి.

ఇంటర్వ్యూవాళ్లకు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పండి, ఇంకో తేదీ అడగండి. ‘ఎల్లుండి పొద్దున రండి’ అంటే సరేనని పెట్టేయకండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు అన్నది వాళ్ల నోటితోనే చెప్పించుకోండి. ఇప్పుడు ట్రంకాల్ ఖర్చు కూడా లేదు.