వీరగాథా? వీరగాధా?

సందేహం: మాస్టారూ, మాది అమలాపురం దగ్గర. తీర్థానికి బుర్రకథ పెట్టించి ఫ్లెక్సీ మీద 'బొబ్బిలి వీరగాధ' అని వేయించాం. మా బాబాయి చూసి, తప్పురా, గాథ అనాలి అన్నారు. ఏది రైటండీ? అయినా గాథంటే కథే కదా, పాడేదానికి వాడొచ్చా?

సమాధానం: మీ బాబాయిగారిదే రైటండి. పొట్టలో చుక్కున్న థ రాయాలి. మనం నోటితో కథని కధ అనీ రథాన్ని రధం అనీ అనేస్తాం, చెవిన పడ్డదే ఫ్లెక్సీ కుర్రాడు టైప్ చేసేస్తాడు, వాణ్ణి అని లాభం లేదు. చిక్కేంటంటే గాధ అనే మాట కూడా వేరే ఉంది, కాలికి నేల తగిలేంత లోతని దాని అర్థం, అలా తగలనిది అగాధం. ఎండాకాలం కాలవలు కట్టేశాక మోకాల్లోతు నీళ్ళలో గేదెల్ని దాటిస్తారు చూడండీ, అది గాధం. వరదలప్పుడు వశిష్ఠ గోదారి అగాధం. అంటే మీ ఫ్లెక్సీ లెక్కన తాండ్ర పాపారాయుడి వీరత్వం మోకాల్లోతే! (గాధేయుడికి మాత్రం ధనే. విశ్వామిత్రుడు గాధి కొడుకు, ఆయన జోలికెళ్ళకండి.)

ఇక రెండోది. గాథ అన్న మాటే గై ధాతువు నించి వచ్చింది, పాడడం అని. కాబట్టి పాటే ముందు, కథ అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. శాతవాహన రాజు హాలుడు కూర్చిన ప్రాకృత పద్యాల గాథాసప్తశతి నిండా ప్రేమ ముచ్చట్లే, అందుకే యుద్ధం సంగతైతే ముందు 'వీర' తగిలించుకోవాల్సొచ్చింది. 1757లో బొబ్బిలి కోట కూలితే ఆ కబురు పల్లెల్లో నిలబడింది జంగాల పాటల వల్లే, చదువురాని వాళ్ళకి కూడా ఎవరెలా పోయారో నోటికొచ్చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో కూడా అంతే, 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు మన కాకినాడ దాకా వచ్చాయి, మరుసటేడే 1943లో కమ్యూనిస్టుల కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి పుట్టింది, ఆ పాత జంగంకథ పద్ధతినే బుర్రకథగా స్టేజీ ఎక్కించారు. కథకుడి పక్కన వంత పాడే ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం కదా, ఆ రాజకీయం చెప్పేవాడుంటే పాత కోట కథ మధ్యలో కూడా ఇవాళ్టి యుద్ధం కబురు చెప్పుకోవచ్చు. నాకైతే బుర్రకథలో అసలు పనితనం అక్కడే కనపడుద్ది.

ఫ్లెక్సీ మళ్ళీ వేయించక్కర్లేదులెండి, నిచ్చెనేసుకుని ధ పొట్టలో స్కెచ్ పెన్నుతో ఓ చుక్క పెట్టేస్తే సరిపోద్ది.