ఇంట్లో కూర్చుని నర్సింగ్ చదవవచ్చా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పూర్తిచేశాను. తక్కువ ఫీజుతో ఆన్‌లైన్‌లోనే బీఎస్సీ నర్సింగ్ చేయిస్తామని ఒక ఏజెంటు పదేపదే ఫోన్ చేస్తున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. నర్సింగ్‌ను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపరాదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2020 నాటి నిబంధనల్లో నిషేధించింది కనుక, అటువంటి పట్టాతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. అది లేనిదే నర్సు ఉద్యోగం లేదు. నరం సరిగా దొరకని వృద్ధుడికి సెలైన్ పెట్టడం వార్డులో సీనియర్ సిస్టర్ పక్కన నిలబడి నేర్చుకోవలసిన పనే తప్ప, తెర మీద చూస్తే వచ్చేది కాదు. అమెరికాలో ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయంటారేమో, అవి చాలావరకు ఇప్పటికే నర్సులుగా ఉన్నవారి పైచదువుకు ఉద్దేశించినవి.

నాలుగేళ్ల బీఎస్సీకి 17 ఏళ్లు నిండి, ఇంగ్లిష్ ఉత్తీర్ణతతో పాటు సైన్సు సబ్జెక్టుల్లో 45 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 40) ఉండాలి. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ చదివి, అందులో చెప్పిన విధంగానే దరఖాస్తు చేయండి. మూడేళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా కూడా మంచి దారే. తరువాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు.

ఫీజు కట్టే ముందు ఆ కళాశాలకు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. దాని అనుబంధ ఆస్పత్రికి ఒక పూట వెళ్లి, మంచాల మీద రోగులు ఉన్నారో, ఖాళీ దుప్పట్లే ఉన్నాయో కళ్లారా చూడండి.