లాభం ఉందంటారు, గల్లాలో మాత్రం డబ్బు ఉండదు: ఇంకో అప్పు తీసుకోవాలా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: మండల కేంద్రంలో ఎలక్ట్రికల్, ప్లంబింగ్ సామాన్ల షాపు. జీఎస్టీ పోను నెలకు 9 లక్షల అమ్మకం, అందులో 4 లక్షలు ఉద్దెర. బయట నుంచి రావాల్సింది 14 లక్షలు, షాపులో స్టాకు 22 లక్షలు, డిస్ట్రిబ్యూటర్లకు ఇవ్వాల్సింది 8 లక్షలు. సీఏ లాభం ఉందంటున్నారు గానీ, నెల సగానికొచ్చేసరికి ఎవరి ఫోన్ ఎత్తాలన్నా టెన్షన్. డైలీ ఫైనాన్స్ వాళ్లు 5 లక్షలు ఇస్తామంటున్నారు, తీసుకోవాలా? పక్క షట్టరు ఖాళీ అయింది, దాన్ని కూడా కలుపుకోవాలా?

నాదీ ఇదే లైను. మిర్యాలగూడ వైపు పైపులు, వైర్లు, మోటార్లు అమ్ముతాను. కాబట్టి పుస్తకాల్లో ఉండే సలహా కాకుండా, మా కౌంటర్ మీద పనికొచ్చింది చెప్తాను.

అప్పు వద్దు. మీకు కావాల్సిన 5 లక్షలు మీ ఖాతా పుస్తకంలోనే ఉన్నాయి. నెలకు 4 లక్షల ఉద్దెర ఇస్తూ బయట 14 లక్షలు ఉన్నాయంటే, ఇవాళ ఇచ్చిన సరుకు డబ్బు సగటున మూడున్నర నెలలకు వస్తోందన్నమాట. దాన్ని రెండు నెలలకు దించండి చాలు. అప్పుడు బయట ఉండేది 8 లక్షలే. 6 లక్షలు చేతికొస్తాయి, వడ్డీ లేకుండా, ఎవరి సంతకం అక్కర్లేకుండా. లాభం ఉందని మీ సీఏ చెప్పింది అబద్ధం కాదు. బిల్లు కొట్టిన రోజే ఆయన లెక్కలో అమ్మకం అయిపోయింది. మీ గల్లాలోకి రావడానికే ఆలస్యం. పైగా ఏదైనా టర్మ్ లోన్ కడుతుంటే, ఈఎంఐలో వడ్డీ భాగమే ఖర్చు కింద పడుతుంది. అసలు భాగం లాభనష్టాల పట్టీలో కనిపించదు, కానీ బ్యాంకు ఖాతాలోంచి మాత్రం పోతుంది.

మన ఖాతా పుస్తకంలో మనిషికో పేజీ ఉంటుంది. ఎవరెంత ఇవ్వాలో తెలుస్తుంది గానీ ఎన్నాళ్ల నుంచి ఇవ్వాలో తెలియదు. అందుకే ఒక రాత్రి షట్టరు దించాక కూర్చుని, తెల్ల కాగితం మీద నాలుగు గడులు గీయండి: నెలలోపు, రెండు నెలలు, మూడు నెలలు, ఆపైన. ప్రతి బాకీని బిల్లు తేదీ ప్రకారం ఆ గడుల్లో వేయండి. మొత్తం అయ్యాక చివరి గడి చూస్తే ఆశ్చర్యపోతారు. పెద్ద మొత్తం అంతా ఏ ఏడెనిమిది మంది దగ్గరో ఉంటుంది, వాళ్లలో సగం మంది రోజూ షాపు ముందు నుంచే బండి మీద వెళ్తుంటారు.

వసూలు అందరి దగ్గరా ఒకేలా కుదరదు. సొంతిల్లు కట్టుకునేవాళ్లు పని నడిచినన్నాళ్లూ బాగానే ఇస్తారు. గృహప్రవేశం అయిపోయాక మాత్రం వాళ్ల దగ్గర డబ్బూ ఉండదు, మనతో పనీ ఉండదు. కాబట్టి పాత బాకీ అంతా స్విచ్‌లు, ఫ్యాన్లు, ట్యాపులు తీసుకెళ్లే ముందే క్లియర్ చేయించుకోవాలి. లోపల వేసే పైపులు, వైర్లు ఉద్దెర మీద ఇచ్చినా, ఫైనల్ సామాను నగదు మీదే. ఈ మాట మొదటి బిల్లు రోజే చెప్పేస్తే ఎవరూ బాధపడరు. ముహూర్తం ముందు రోజు చెప్తేనే గొడవ.

ఎలక్ట్రీషియన్, ప్లంబర్ తన పేరు మీద రాయించుకునే సరుకు ఇంకో రకం. ఓనర్ ఆయనకు డబ్బిచ్చేసి ఉంటాడు, అది ఇంకో సైటుకు వెళ్లిపోయి ఉంటుంది. నేను సైటు ఓనర్ ఫోన్ నంబర్ లేకుండా ఉద్దెర బిల్లు కొట్టను. బిల్లు ఫోటో అప్పటికప్పుడే ఓనర్ వాట్సాప్‌కు వెళ్తుంది. మొదట్లో ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు అలిగి పక్క షాపుకు వెళ్లారు, వెళ్లనిచ్చాను. మిగిలిపోయిన ఫిట్టింగులు రిటర్న్ ఇచ్చేది కూడా ఇక్కడే చూసుకోవాలి. సిమెంటు అంటుకున్న ఎల్బోలు సగం బస్తా తెచ్చి కౌంటర్ మీద పోసి "బాకీలో కొట్టెయ్యి అన్నా" అంటారు. పదిహేను రోజుల్లోపు, శుభ్రంగా ఉంటేనే తీసుకుంటామని బిల్లు కింద అచ్చు వేయించండి.

ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లు "బిల్లు పడగానే" అంటారు. అది ఎప్పుడు పడుతుందో వాళ్లకే తెలియదు. వాళ్లకు ఒక హద్దు పెట్టండి. లక్ష అంటే లక్షే. లక్ష దాటితే పాతది ఎంతో కొంత కట్టాకే కొత్త లోడు. మీ మొత్తం ఉద్దెరలో ఐదో వంతు కంటే ఎక్కువ ఒకే మనిషి దగ్గర ఉంటే, ఆయన్ని కస్టమర్ అనుకోవద్దు. వాటా లేని భాగస్వామి ఆయన.

ఫోన్ చేసేటప్పుడు "ఎప్పుడిస్తారు సార్" అని అడిగితే "ఇస్తాలే" అనే వస్తుంది. "శుక్రవారం 20 వేలు పంపగలరా" అని అడిగితే, కాదన్నా కూడా ఒక అంకె, ఒక తేదీ చెప్తారు. అది పేరు పక్కన రాసుకుని అదే రోజు పొద్దున్నే మళ్లీ చేయండి. నలుగురిలో అడగొద్దు, ఇంట్లో ఆడవాళ్లకు ఫోన్ చేయొద్దు. మూఢం, ఆషాఢం వచ్చే ముందే వసూళ్లు బిగించండి. ఆ రోజుల్లో కొత్త పనులు మొదలవ్వవు, చేతులు మారే డబ్బూ తగ్గుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఉద్దెర బాకీ మీద కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లే గడువు. ఆ గడువు దాటకముందే బాకీ ఇంత ఉందని వాళ్ల చేత రాయించుకుని సంతకం తీసుకుంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ప్రాంసరీ నోటు మీద చెల్లు రాయించడం మన పెద్దలకు అలవాటే కదా, అదే పద్ధతి. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక వాళ్లకు 15 రోజులు టైమ్ ఉంటుంది. ఇకపోతే, "ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) చేయించు, 45 రోజుల్లో డబ్బు రాకపోతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ వస్తుంది" అని ఎవరైనా చెప్పి ఉంటే, అది సరుకు తయారు చేసేవాళ్లకు, సర్వీసు ఇచ్చేవాళ్లకు. 2021 జూలై నుంచి మనలాంటి వ్యాపారులకూ ఉద్యం ఇస్తున్నారు గానీ, అది బ్యాంకు లోన్లలో ప్రాధాన్య రంగం కింద లెక్కలోకి రావడానికే. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక స్టాకు. 14 శాతం మార్జిన్ అనుకుంటే, నెలకు మీరు అమ్మే సరుకు కొన్న ధర 7.74 లక్షలు. 22 లక్షల స్టాకు అంటే దాదాపు మూడు నెలలది. డిస్ట్రిబ్యూటర్ రెండు మూడు రోజుల్లో సరుకు దించుతున్నప్పుడు అంత అవసరం లేదు. అయితే అన్నీ ఒకలాగే తగ్గించొద్దు. వైరు కాయిల్స్ కొంచెం ఎక్కువున్నా రేపు అమ్ముడుపోతాయి. డబ్బు చచ్చిపడి ఉండేది పై ర్యాకుల్లో. కంపెనీ మానేసిన మోడల్ స్విచ్ ప్లేట్లు, ఎవరూ అడగని సైజు వాల్వులు, డబ్బా ఊపితే చప్పుడు రాని సాల్వెంట్ సిమెంట్. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేసినప్పుడు, పాత ఫ్యాన్లు కొన్న రేటుకే వదిలించుకున్నవాళ్లు బాగుపడ్డారు. నిచ్చెన ఎక్కి, ఆరు నెలలుగా కదలని ప్రతిదాన్నీ కిందికి దించి కౌంటర్ ముందు పెట్టండి. కొన్న ధరకు పోతే సంతోషం, కొంచెం తక్కువకు పోయినా పంపించేయండి.

అలా వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలి? డిస్ట్రిబ్యూటర్‌కు. మన లైన్లో చాలామంది వారంలోపు కడితే 2 శాతం క్యాష్ డిస్కౌంట్ ఇస్తారు. మీరు నెల రోజుల గడువు వాడుకుని అది వదులుకుంటున్నారనుకోండి. 23 రోజుల కోసం 2 శాతం అంటే ఏడాది వడ్డీలోకి మారిస్తే 32 శాతం పైమాటే. మీ కొనుగోళ్ల మీద 2 శాతం అంటే నెలకు 15 వేలు. ఒక కుర్రాడి జీతం అక్కడే వస్తుంది. అమ్మకం ఒక్క రూపాయి పెంచకుండా.

మార్జిన్ విషయంలో ఒక మాట. వందకు కొని 125కు అమ్మితే 25 శాతం మిగిలిందనుకుంటారు చాలామంది. అమ్మకం మీద అది 20 శాతమే. అందులోంచి మేస్త్రీ కమిషన్, ఆటో, హమాలీ పోవాలి. డిస్కౌంట్ ఇచ్చే ముందు ఈ లెక్క వేయండి.

జీఎస్టీ డబ్బు మీది కాదు. నెలకు 1.26 లక్షల మార్జిన్ అంటే, 18 శాతం సరుకు మీద, కొన్నప్పుడు కట్టిన పన్ను పోను, మీరు కట్టాల్సింది దగ్గర దగ్గర 23 వేలు. ఉద్దెర వసూలైనా కాకపోయినా కట్టాల్సిందే. ఆలస్యమైతే 18 శాతం వడ్డీ. ప్రతి శనివారం 5, 6 వేలు వేరే ఖాతాలో వేసేయండి, 20వ తారీకు వచ్చేసరికి వెతుక్కోనక్కర్లేదు. డిస్ట్రిబ్యూటర్‌కు 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పటి పన్నును మినహాయించుకున్నది) వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఇది కూడా గుర్తుంచుకోండి. ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవర్ కాబట్టి కాంపోజిషన్‌కు (టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టేసే జీఎస్టీ స్కీముకు) మారమని కొందరు చెప్తారు. కానీ అప్పుడు కాంట్రాక్టర్లకు టాక్స్ బిల్లు ఇవ్వలేరు, వాళ్లు వేరే షాపు చూసుకుంటారు. ఉద్దెర మీద విసుగొచ్చి పూర్తిగా ఇళ్ల కస్టమర్లకే అమ్ముదామనుకుంటే అప్పుడు సీఏతో కూర్చుని లెక్క వేయించండి, తీసేయాల్సిన ఆలోచన కాదది.

ఇంటి ఖర్చు ఎంత తీస్తున్నారో మీరు రాయలేదు. రాయలేదంటే లెక్క లేదనే అర్థం చేసుకున్నాను. ఒకటో తారీకున మీకు మీరు జీతం ఇచ్చుకోండి, 30 వేలో 35 వేలో. మళ్లీ నెల దాకా గల్లాలో చెయ్యి పెట్టొద్దు. కౌంటర్ మీద తమ్ముడి క్యూఆర్ స్టిక్కర్ ఇంకొకటి ఉంటే ఇవాళే పీకేయండి. షాపుకు ఒకటే కరెంట్ అకౌంట్, ఒకటే స్టిక్కర్. రాత్రి షట్టరు దించే ముందు పొద్దున ఉన్న నగదు, నగదు అమ్మకం, వచ్చిన పాత బాకీలు కలిపి, అందులోంచి ఖర్చులు, బ్యాంకులో వేసింది తీసేయండి. మిగలాల్సిన అంకె, గల్లాలో ఉన్న నోట్లు రోజూ సరిపోవాలి. తేడా వచ్చిన రోజే వెతికితే దొరుకుతుంది.

ఇవన్నీ చేశాక కూడా సీజన్లో కొరత పడితే, అడగాల్సింది బ్యాంకులో సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అవసరమైనప్పుడు తీసి మళ్లీ వేసుకునే ఖాతా), నెలనెలా ఈఎంఐ కట్టే టర్మ్ లోన్ కాదు. వాడుకున్నంతకే, వాడుకున్న రోజులకే వడ్డీ. అంచనా టర్నోవర్‌లో 20 శాతం దాకా వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి కావాల్సిన పెట్టుబడి) లెక్కగట్టే పద్ధతి బ్యాంకుల్లో ఎప్పటి నుంచో ఉంది. చిన్న వ్యాపారులకిచ్చే ముద్ర లోన్ల కింద 10 లక్షల దాకా ఆస్తి తనఖా అడగరు. నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. మూడు నెలలు దాటిన బాకీలను బ్యాంకులు సాధారణంగా డ్రాయింగ్ పవర్‌లో (స్టాకు, బాకీలు చూసి ఎంత తీసుకోవచ్చో వేసే లెక్కలో) కలపవు. అంటే మీ నాలుగో గడిలో ఉన్నదాన్ని బ్యాంకు కూడా డబ్బుగా చూడదు.

డైలీ ఫైనాన్స్ జోలికి అసలు వెళ్లొద్దు. గిరిగిరి లెక్క తెలుసు కదా: 10 వేలని రాసుకుని 9 వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తిరిగి ఇచ్చేస్తుంటారు కాబట్టి సగటున మీ దగ్గరున్నది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే ఏడాదికి 80 శాతం. 14 శాతం మార్జిన్ వ్యాపారం దాన్ని మోయలేదు.

చివరగా, పక్క షట్టరు. అద్దె 9 వేలు, ఇంకో కుర్రాడికి 12 వేలు అనుకుందాం, మొత్తం 21 వేలు. 14 శాతం మార్జిన్ మీద అది రాబట్టాలంటే నెలకు లక్షన్నర అదనపు అమ్మకం కావాలి, అది కూడా ఆ ఖర్చు పూడ్చడానికే. ర్యాకులు నింపడానికి పెట్టే పెట్టుబడి వేరే. ఆ లక్షన్నర సరుకు ఎవరు కొంటారో, ఏ సైట్లకు వెళ్తుందో కాగితం మీద పేర్లు రాయగలిగితే ఓనర్‌తో మాట్లాడండి. ఉద్దెర మీద కొనేవాళ్ల పేర్లు మాత్రం ఆ లెక్కలో కలపొద్దు.