పాపకు, 128వ లాట్ గురించి

పాపా,

నువ్వు సీ ప్లస్ ప్లస్ పక్కన పెట్టి, నెలలో జావా అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని బెంగళూరు ఇంటర్వ్యూకు పోతున్నావని నిన్న మీ నాయన చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి దిగుతున్నది నువ్వే. గుండె నిండిపోయింది. కానీ "రెండూ ఒకటే కదా, అవే క్లాసులు, అవే ఆబ్జెక్టులు" అన్నావంట. ఆ మాటకు రాత్రి నిద్ర పట్టలేదు.

సింటాక్స్, అంటే రాసే పద్ధతి, నీకు రెండు రోజుల పని. జావాలో క్లాసుకు ఒకటే పేరెంట్ క్లాసు, మిగతాది ఇంటర్‌ఫేస్‌లతో నడుస్తుంది. అదీ వచ్చేస్తుంది. ఒకేలా కనబడే చోటే జాగ్రత్త.

నేనూ నీలాగే సీ ప్లస్ ప్లస్ నుంచి జావాకు వచ్చినవాణ్ణే. సీ ప్లస్ ప్లస్‌లో స్ట్రింగ్‌లను, అంటే అక్షరాల వరుసలను, డబుల్ ఈక్వల్స్ (==) తో పోల్చితే విలువలే చూస్తుంది. ఆ అలవాటుతోనే కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లి వ్యాపారికి జావాలో లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చా. 2004లో జావా 5 వచ్చాక మామూలు నంబరు దానంతటదే ఇంటిజర్ ఆబ్జెక్టుగా మారిపోయేది, అంతా హాయిగా అనిపించేది. వేలానికి పెట్టే ఒక్కో రాశి ఒక లాట్. వేలం చిట్టాలో లాట్ నంబరును తూకం చిట్టాలోదానితో డబుల్ ఈక్వల్స్‌తోనే పోల్చా. యాభై లాట్లతో టెస్ట్ చేస్తే అన్నీ కలిశాయి.

సరుకు పోటెత్తిన రోజు 127 దాకా నడిచింది. 128 నుంచి ఒక్కటీ కలవలేదు. జావా మైనస్ 128 నుంచి 127 వరకు ఇంటిజర్లను ముందే చేసిపెట్టుకుని మళ్లీ మళ్లీ అవే ఇస్తుంది. అది దాటితే వేరే వేరే ఆబ్జెక్టులు. డబుల్ ఈక్వల్స్ చూసేది విలువను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని. విలువలను పోల్చే ఈక్వల్స్ మెథడ్ వాడి ఉండాల్సింది.

కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సాయంత్రం దాకా తన సంచుల మీదే కూర్చున్నాడు. చేతిలో 131వ లాట్ చీటీ చెమటకు మెత్తబడి, అంకె చెదిరిపోయింది. "నా సరుకు లేదంటుందా సామీ ఈ మిషను?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అందుకే పాపా, చిన్న నంబర్లతో టెస్ట్ చేసి ఆపేస్తే ఊరుకోను. ఒక ఆబ్జెక్టుకు ఇంకో పేరు పెడితే జావాలో నకలు రాదని, దీన్ని మారిస్తే అదీ మారుతుందని నీ చేత్తో రాసి చూసుకో. ఫైళ్లు నువ్వే మూసెయ్, సీ ప్లస్ ప్లస్‌లోలా ఆబ్జెక్టు పని అయిపోగానే డిస్ట్రక్టర్ వచ్చి మూస్తుందనుకోవద్దు.

బెంగళూరుకు రాత్రి బస్సు వద్దు, పగలే పో. అంతకుముందు ఆదివారం ఇక్కడికి రా. ఆ పాత కోడ్ ఇంకా నా దగ్గరుంది, 128 ఇచ్చి ఇద్దరం చూద్దాం. మీ పెద్దమ్మ ఉగ్గాని, బజ్జీ చేస్తానంది.

నీ పెద్దనాయన